పదో నంబరు భవనంలో రెండేళ్లు

1968 జూలై. వాషింగ్టన్ పక్కనే బెథెస్డా, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ప్రాంగణం. ఎర్ర ఇటుకల ఈ పెద్ద భవనాన్ని ఇక్కడ అందరూ నంబరుతోనే పిలుస్తారు: పది. లోపలికి రండి. ఒకే అంతస్తులో ఓ పక్క రోగుల గదులు, ఇంకో పక్క ప్రయోగశాలలు. వార్డులో నాడి చూసిన చెయ్యి కాసేపట్లో పిపెట్ పట్టుకోవచ్చు. కట్టడం వెనక ఉద్దేశమే అది.

ఎదురొస్తున్న పాతికేళ్ల డాక్టరు రాబర్ట్ లెఫ్కోవిట్జ్. బయట వియత్నాం యుద్ధం నడుస్తోంది, డాక్టర్లకూ సైన్యం పిలుపు తప్పదు. ఇక్కడ రెండేళ్లు పనిచేస్తే ఆ బాధ్యత తీరినట్టే. అతని కోరికల్లా మంచి వైద్యుడు కావడం. పరిశోధన కొత్త.

అతని వెంట ల్యాబ్‌లోకి వెళ్దాం. అక్కడి గురువులు జెస్సీ రోత్, ఐరా పాస్తాన్ అప్పగించిన పని వినడానికి తేలికే. ఏసీటీహెచ్ అనే హార్మోన్ అడ్రినల్ కణాన్ని పట్టుకునే చోటు ఒకటుందని చూపించాలి. అలాంటి రిసెప్టర్లు నిజంగా ఉన్నాయా అన్న అనుమానం ఇంకా బలంగా ఉన్న రోజులవి. హార్మోన్‌కి రేడియోధార్మిక అయోడిన్ ఎక్కించాలి, అడ్రినల్ కణజాలంతో కలపాలి, ఎంత అంటుకుందో కౌంటర్‌లో చూడాలి. ఈ అయోడిన్ ఎక్కించే విద్య రోత్‌కి బ్రాంక్స్‌లో సాలమన్ బెర్సన్, రోజలిన్ యాలోల దగ్గర అబ్బింది. ఇప్పుడది ఈ కుర్రాడి చేతికి వస్తోంది. పుస్తకాల్లో రాయని మెలకువలు పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తాయి.

గొట్టాలు కౌంటర్‌లోకి దిగుతున్నాయి. మామూలు హార్మోన్ దండిగా పోస్తే రేడియోధార్మికది పక్కకు తప్పుకోవాలి. తప్పుకోకపోతే, అది రిసెప్టర్‌కి కాక దొరికిన దానికల్లా అంటుకున్నట్టే. ఈ వారం ఏమీ తేలలేదు. పై నెలా అంతే.

నవంబరులో పండక్కి ఇంటికెళ్లి నాన్నతో చెప్పుకున్నాడు. రెండేళ్లే కదా, ఆ తర్వాత నువ్వు డాక్టరువేనని ఆయన ధైర్యం చెప్పాడు. డిసెంబరులో గుండెపోటుతో కన్నుమూశాడు.

మళ్లీ అదే బల్ల, అవే గొట్టాలు. ఒకసారి చుట్టూ చూడండి. పాస్తాన్ దగ్గరే హెరాల్డ్ వార్మస్ ఉన్నాడు. అదే ప్రాంగణంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. లెఫ్కోవిట్జ్‌తో కలిపి నలుగురూ డాక్టర్లే, నలుగురూ తర్వాత నోబెల్ అందుకున్నవాళ్లే. ఆ బహుమతుల కన్నా నన్ను కదిలించేది మరొకటి. ఏడాది గడిచినా ఫలితం చూపించలేని కుర్రాణ్ని ఇద్దరు పెద్దలు వదిలెయ్యలేదు.

రాత్రి డ్యూటీల మధ్య మన ఎండీ విద్యార్థుల థీసిస్‌లు ఎలా నలిగిపోతాయో ఎరిగినవాళ్లకి ఇది గుచ్చుకుంటుంది. మన పిల్లలకి తెలివి తక్కువై కాదు, ప్రయోగం వీగిపోతే మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేక. అమెరికాలో ఇవాళ ఎన్ఐహెచ్ ఇచ్చే కే-08 గ్రాంటు పొందిన యువ వైద్యుడు సాధారణంగా తన పనివేళల్లో 75 శాతం పరిశోధనకే కేటాయించాలి, దరఖాస్తులోనే గురువు పేరు చెప్పాలి. 2008లో మొదలై హైదరాబాద్ నుంచి నడుస్తున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు మన వైద్యులకూ పరిశోధనకి ఒక దారి చూపాయి. కానీ ఇన్ని మెడికల్ కాలేజీలున్న దేశానికి అదెంత? ఎన్నో రెట్లు కావాలి.

పదో నంబరు భవనంలో రెండో ఏడు నడుస్తోంది. కౌంటర్ దగ్గరికి రండి. మామూలు హార్మోన్ పోసిన గొట్టంలో అంకె పడిపోయింది. రేడియోధార్మికది తప్పుకుంది! 1970లో పేపర్లు అచ్చయ్యాయి. అప్పటికే లెఫ్కోవిట్జ్ బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, వైద్య శిక్షణకి సీటు ఖాయం చేసుకున్నాడు. వెళ్లాడు కూడా. కొన్ని నెలలు వార్డుల్లో తిరిగాక ఏదో లోటు తెలిసొచ్చింది. అక్కడే ఎడ్గర్ హేబర్ పరిశోధన ల్యాబ్‌లో చోటు వెతుక్కున్నాడు.

1984కి వద్దాం. డ్యూక్ విశ్వవిద్యాలయంలో లెఫ్కోవిట్జ్ ఇప్పుడు గురువు. వార్డుల్లోంచి బ్రయన్ కొబిల్కా అనే యువ వైద్యుడు వచ్చాడు. అతనికి అప్పగించిన పని, అడ్రినలిన్‌ని అందుకునే బీటా రిసెప్టర్ జన్యువును పట్టుకోవడం. అది 1986లో దొరికింది. 2012లో రసాయనశాస్త్ర నోబెల్ ఇద్దరూ కలిసి అందుకున్నారు.