ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో వెబ్‌క్యామ్ డ్రైవర్లు

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ (ఆర్‌హెచ్‌ఈఎల్), దాని సోర్సు నుంచి పుట్టి 2024 వరకు నడిచిన సెంటోస్ లినక్స్ వంటి వ్యవస్థల్లో కెర్నల్ వెర్షన్ ఏళ్ల తరబడి మారదు. లోపాలను సరిదిద్దుతారు, ఎంపిక చేసిన కొన్ని కొత్త డ్రైవర్లను వెనక్కి తెచ్చి కలుపుతారు, అంతే. బ్యాంకు సర్వర్‌కు కావలసిందీ అదే. నిన్న కొన్న వెబ్‌క్యామ్‌కు మాత్రం అక్కడ దిక్కు లేకపోవచ్చు. ఈ వ్యవస్థల్లో కెమెరా డ్రైవర్ల చరిత్రంతా ఆ ఎడం పూడ్చుకోవడానికి పడిన పాట్లే.

కనెక్టిక్స్ సంస్థ 1994లో మెకింటాష్ కోసం తెచ్చిన నలుపు తెలుపు క్విక్‌క్యామ్‌తో ఇంటి కంప్యూటర్లకు కెమెరా వచ్చింది. లినక్స్‌లో 1999 నాటి 2.2 కెర్నల్‌లోనే వీడియో4లినక్స్ చట్రం ఉంది. చట్రం ఒక్కటే అయినా చిప్పుకో డ్రైవర్ కావలసి వచ్చేది. పెట్టె మీది పేరు చూసి లాభం లేదు. ఒకే బ్రాండు కెమెరాల లోపల వేర్వేరు చిప్పులు ఉండేవి.

ఫిలిప్స్ కెమెరాల పీడబ్ల్యూసీ డ్రైవర్ గొడవ చెప్పుకోదగ్గది. డ్రైవర్ సోర్సు బహిరంగమే గానీ, చిత్రాన్ని పెద్ద సైజులో విప్పే భాగం మూసిన బైనరీగా వచ్చేది. దాన్ని తగిలించే కొక్కేన్ని 2004లో కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కెర్నల్ నుంచి తీసేశారు. నెమోసాఫ్ట్ అనే మారుపేరుతో ఆ డ్రైవర్ రాస్తున్న రచయిత అలిగి, డ్రైవర్ మొత్తాన్నే తీసేయమన్నారు. తీసేశారు కూడా. తర్వాత లూక్ సైయార్ ఆ రహస్య భాగానికి బహిరంగ కోడ్ సమకూర్చాక అది తిరిగి కెర్నల్‌లో చేరింది. ఇంకోవైపు మిషెల్ క్సార్ అనే ఫ్రెంచి వైద్యుడు జీఎస్‌పీసీఏ పేరిట రెండు వందలకు పైగా కెమెరాలను దారికి తెచ్చారు. కంపెనీలు చేయని పని ఒక డాక్టరు తీరిక వేళల్లో చేశారంటే ఆశ్చర్యమే.

చిక్కుముడిని విప్పింది యూవీసీ (యూఎస్‌బీ వీడియో క్లాస్) ప్రమాణం. కెమెరాలన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడితే ఒక్క డ్రైవర్ చాలు. లారెంట్ పిన్‌షార్ రాసిన యూవీసీవీడియో 2008 జులైలో 2.6.26 కెర్నల్‌లో చేరింది; జీఎస్‌పీసీఏ ఆ వెంటనే 2.6.27లో. అయితే 2007 మార్చిలో విడుదలైన ఆర్‌హెచ్‌ఈఎల్ 5 కెర్నల్ 2.6.18; విడుదల నాటికి ఆ రెండు డ్రైవర్లూ అందులో లేవు.

అందుకే డ్రైవర్లను సొంతంగా కంపైల్ చేసుకోవడం మొదలైంది. ముందు ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌తో కెమెరా గుర్తింపు సంఖ్య చూడాలి. 046డి అని మొదలైతే లాజిటెక్‌ది. నడుస్తున్న కెర్నల్‌కు సరిగ్గా సరిపోయే కెర్నల్-డెవెల్ ప్యాకేజీ దింపి, డ్రైవర్ సోర్సు మీద మేక్ కమాండ్ కొట్టాలి. వెర్షన్‌లో ఒక్క అంకె తేడా వచ్చినా, అలా కట్టిన డ్రైవర్ మాడ్యూల్ ఎక్కకపోవచ్చు. ఎక్కినా, మరుసటి అప్‌డేట్‌తో కెమెరా మాయం. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను తనంతట తాను మళ్లీ కట్టే డీకేఎంఎస్‌ను డెల్ ఇంజనీర్లు తెచ్చారు. ఈఎల్‌రెపో అనే ప్యాకేజీల భాండాగారం మరో దారి పట్టింది: రెడ్ హ్యాట్ మార్చనని మాట ఇచ్చిన కెర్నల్ చిహ్నాల మీదే ఆధారపడే కేమాడ్ ప్యాకేజీలు. అప్‌డేట్ వచ్చినా మళ్లీ కట్టనక్కర్లేదు, లింకు మారితే చాలు.

2010లో ఆర్‌హెచ్‌ఈఎల్ 6 కెర్నల్ 2.6.32కు చేరడంతో సాధారణ కెమెరాల బెడద చాలామటుకు తీరింది. సెక్యూర్ బూట్ వచ్చాక మరో మెలిక పడింది: ఇంట్లో కట్టిన మాడ్యూల్‌కు సంతకం చేసి, ఆ తాళంచెవిని మోక్‌యుటిల్‌తో నమోదు చేయకపోతే కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు.

ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో కొన్ని కెమెరాలు యూఎస్‌బీని వదిలి ఎంఐపీఐ తీగల మీద నేరుగా ప్రాసెసర్‌కు ముడిపడుతున్నాయి. ఇలాంటి సంక్లిష్ట కెమెరాల కోసం పిన్‌షార్ ప్రభృతులు 2018లో లిబ్‌క్యామెరా అనే లైబ్రరీని మొదలుపెట్టారు. ఇటువంటి కెమెరాలను నడిపే ఇంటెల్ ఐపీయూ6 డ్రైవర్ 2024లో గానీ ప్రధాన కెర్నల్‌లోకి రాలేదు. అటువంటి యంత్రంలో లెన్స్ కళ్లెదుటే కనిపిస్తున్నా ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో దాని ఊసే ఉండదు.