పసివారి రాత్రికి పాతచీర రక్ష

రాత్రివేళ పసిబిడ్డ ఉలిక్కిపడి లేవడం, చీకటిని చూసి బెదరడం, తల్లి కొంగు వదలకపోవడం ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క కాలానికో పరిమితమైన విషయాలు కావు. రాజవంశాల వృత్తాంతాలలో వీటికి చోటు దొరకదు. అయినప్పటికీ వైద్యగ్రంథాలలో, జోలపాటలలో, ఇంటి స్త్రీల చేతిపనులలో వీటి ఆనవాళ్లు చెదురుమదురుగా కనిపిస్తాయి. వాటిని ఒకచోట చేర్చి పరిశీలిస్తే, బిడ్డను నిద్రపుచ్చడానికి మన సమాజం అనుసరించిన రెండు మార్గాలు స్పష్టమవుతాయి. భయంకరమైన పేరొకటి చెప్పి కళ్లు మూయించడం మొదటిది. చేతితో చేసిన వస్తువొకటి పక్కలో ఉంచి ధైర్యం కలిగించడం రెండవది. మొదటిది నోటిమాటతో ముగిసే పని. రెండవదానికి సమయమూ ఓపికా కావాలి. ఈ రెండు మార్గాలూ భారత ఉపఖండంలో పక్కపక్కనే సాగుతూ వచ్చాయి.

ప్రాచీన వైద్యులు పసివారి రాత్రి బాధను నిశితంగా గమనించారు. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రం తొమ్మిది బాలగ్రహాలను పేర్కొన్నది. స్కందుడు, స్కందాపస్మారుడు, శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక, నైగమేషుడు అని వాటి పేర్లు. పూతన పట్టిన బిడ్డ పగలు హాయిగా నిద్రిస్తుందని, రాత్రి మాత్రం నిద్రపోదని ఆ గ్రంథం చెబుతుంది. నేటి వైద్యం ఈ గ్రహాలను అంగీకరించదు. కాని రాత్రంతా మేలుకొనే బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లి ఆవేదనకు అవి ఆనాటి భాషలో పెట్టిన పేర్లు. పేరు పెట్టడం వల్ల భయానికి ఒక రూపం వచ్చింది. రూపం వచ్చినదానికి చికిత్స ఆలోచించే వీలు కలిగింది.

అయితే ఆ పేర్లను బిడ్డ చెవిన వేయవచ్చునా? ఈ ప్రశ్నకు చరక సంహిత ఇచ్చిన సమాధానం ఆశ్చర్యం గొలుపుతుంది. శారీరస్థానం 8వ అధ్యాయంలో శిశువును పెంచే గది ఎలా ఉండాలో, పడక ఎంత మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండాలో వివరంగా చెప్పిన తరువాత గ్రంథకర్త ఆటవస్తువుల ప్రస్తావన తెస్తాడు. అవి రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, అందంగా, తేలికగా ఉండాలి, మొన తేలి ఉండరాదు, నోటిలోనికి దూరేంత చిన్నవి కారాదు, ప్రాణాపాయం కలిగించరాదు, భయం గొలుపరాదు. ఆ వెంటనే మరొక నియమం వస్తుంది. బిడ్డను భయపెట్టడం మంచిది కాదు. ఏడ్చినా, తిననని మొండికేసినా, మాట వినకపోయినా, రాక్షసుల పేరో పిశాచాల పేరో పూతన పేరో ఎత్తి బెదిరించరాదు అని. క్రీస్తు శకారంభ శతాబ్దాల నాటికి రూపుదిద్దుకున్నదని పండితులు భావించే గ్రంథంలో ఈ మాట ఉండటం గమనార్హం. బెదిరింపు ఆనాటి ఇళ్లలో మామూలు వ్యవహారమై ఉంటేనే గదా వైద్యుడు దానిని నిషేధించవలసి వచ్చేది!

ఆ నిషేధాన్ని లోకం పెద్దగా పాటించలేదు. పైగా ప్రతి యుగమూ పాత రాక్షసుల జాబితాకు తన సొంత భయాలను చేర్చింది. 1740వ దశకంలో మరాఠా ఆశ్విక దళాలు బెంగాల్ మీద పదేపదే దండెత్తాయి. 1751లో నవాబు అలీవర్దీఖాన్ సంధి చేసుకొని, ఏటా పన్నెండు లక్షల రూపాయల చౌత్ చెల్లించడానికి అంగీకరించేవరకు పల్లెలు దోపిడికి గురయ్యాయి. ఆ దళాలలోని రౌతులను జనం బర్గీలన్నారు. దండయాత్రలు ముగిసి రెండున్నర శతాబ్దాలు దాటినా బర్గీల పేరు నేటికీ బెంగాలీ జోలపాటలో నిలిచి ఉన్నది. బిడ్డ నిద్రపోయిందన్న మాటతో మొదలయ్యే ఆ పాటలో బర్గీలు వస్తారు, పిట్టలు ధాన్యం తింటాయి, చివరకు పన్ను ఎలా కట్టాలన్న దిగులు మిగులుతుంది. పన్ను దిగులు పసిబిడ్డది కాదు. పెద్దల గుండెలోని భయమే జోలపాటగా మారి ఉయ్యాలలోనికి దిగింది.

తెలుగునాట బూచివాడి సంగతీ ఇటువంటిదే. 1751 మొదలు 1758 వరకు దక్కనులో ఫ్రెంచి సేనలను నడిపిన బుస్సీ పేరు నుంచే బూచి పుట్టిందని ఒక ప్రచారం ఉన్నది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద జరిగిన దాడిలో అతని పాత్ర తెలిసినదే. ఈ వ్యుత్పత్తిని జనశ్రుతిగానే తీసుకోవాలి. అయినా బూచి అనగానే బొబ్బిలిని తలచుకున్న జనం, పసివారి భయానికి చరిత్రలో ఒక తేదీ వెదికారన్నది వాస్తవం.

ఇక రెండవ మార్గం. భాగవత దశమస్కంధంలో పూతన మరణించిన తరువాత గోపికలు బాలకృష్ణుని చుట్టూ ఆవుతోక తిప్పి, గోధూళి పూసి, విష్ణునామాలతో ఒక్కొక్క అవయవానికి రక్ష కట్టారు. ఆ రక్ష దూరం చేయవలసినవాటిలో డాకినులతోపాటు కలలో కనిపించే ఉత్పాతాలు కూడా ఉన్నాయి. గొల్లపల్లెలో అందుబాటులో ఉన్నవే అక్కడ సాధనాలయ్యాయి. ఇంట ఉన్నదానితోనే రక్ష కల్పించాలన్న ఈ భావన మన కుట్టుపనిలో మరింత స్థిరమైన రూపం దాల్చింది. దానిని బెంగాల్‌లో కాంథా అన్నారు, బిహార్‌లో సుజని అన్నారు, మహారాష్ట్రలో గోధడి అన్నారు; తెలుగువారు బొంత అన్నారు.

కంథ అనే సంస్కృత పదం సాహిత్యంలో ఎక్కువగా విరాగి కప్పుకునే అతుకుల గుడ్డను సూచిస్తుంది. మగధలోని వరిమళ్ల గట్లను చూపి, భిక్షువుల చీవరాన్ని ఆ వరుసలో కుట్టించమని బుద్ధుడు ఆనందునికి చెప్పినట్లు వినయపిటకం తెలుపుతున్నది. అన్నీ విడిచిన సన్యాసికీ, ఇంకా ఏమీ సంపాదించని శిశువుకూ ఒకే రకమైన వస్త్రం తగినదని మన పూర్వులు భావించడం ఆలోచింపజేసే విషయం. బిహార్‌లో చినిగిన గుడ్డముక్కలకు అధిదేవతగా చితిరియా మాతను కొలిచారు. పాత పేలికలన్నీ కలిసి ఒక కొత్త వస్త్రమైనట్లే, పుట్టిన బిడ్డ కుటుంబంలో కలిసిపోవాలన్నది అందులోని ఆశయం. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే ఆఫ్రికా సంతతి సిద్దీ స్త్రీలు తమ కవందికి నాలుగు మూలలా గుడ్డను మడిచి పూలు కుడతారు. ఆ పూలు లేని కవంది వారి దృష్టిలో అసంపూర్ణం.

ఈ వస్త్రాలన్నింటికీ పద్ధతి ఇంచుమించు ఒక్కటే. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నూలు చీరలను, పంచెలను పొరలుగా పరచి, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వరుసగా కుడతారు. బెంగాల్‌లో దారం కూడా పాత చీర అంచునుంచే లాగేవారు. కొత్త గుడ్డ పసివాని చర్మానికి గరుకుగా తగులుతుంది; పాత చీర తగలదు. అంతేగాక అందులో తల్లి వాసన, అమ్మమ్మ వాసన ఉంటాయి.

ఈ చివరి అంశానికి ఆధునిక మనస్తత్వ శాస్త్రం వివరణ ఇచ్చింది. బ్రిటిష్ శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1953లో ప్రచురించిన వ్యాసంలో, తల్లి దగ్గర లేని వేళ బిడ్డ పట్టుకొని నిద్రించే గుడ్డముక్కనూ బొమ్మనూ ప్రత్యేకంగా విశ్లేషించాడు. తల్లికీ బయటి ప్రపంచానికీ మధ్య అవి వారధులని అతని సిద్ధాంతం. ఇజ్రాయెల్‌కు చెందిన అవి సాదే బృందం 2006 నాటి యుద్ధంలో బెదిరిన చిన్నపిల్లలకు ఒక కుక్కపిల్ల బొమ్మనిచ్చి, అది దిగులుగా ఉన్నదని, దానిని చూసుకోవలసిన బాధ్యత వారిదేనని చెప్పింది. పిల్లల ఆందోళన లక్షణాలు తగ్గినట్లు 2008లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. రాత్రి భయాలున్న పిల్లలపై 2012లో ప్రచురితమైన మరొక అధ్యయనంలోనూ అటువంటి ఫలితమే కనిపించింది. రక్షణ కోరే బిడ్డ తానే మరొకరికి రక్షకుడు కావడం ఇందులోని కీలకం.

ఆ బొమ్మ అంగడిలో కొన్నదే కానక్కరలేదు. జానెడు పాత నూలు చీర చాలు. మధ్యలో ఉతికిన పేలికల ఉండ పెట్టి, మెడ దగ్గర దారంతో గట్టిగా చుడితే తల ఏర్పడుతుంది. రెండు మూలలను ముడి వేస్తే చేతులవుతాయి. కన్నూ ముక్కూ రంగు దారంతో కుట్టాలి. గుండీలు, పూసలు పెట్టరాదు. నోటిలోనికి దూరేవి వద్దన్న చరకుని నియమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఏడాది నిండని శిశువు నిద్రించే చోట వదులు దుప్పట్లు గాని బొమ్మలు గాని ఉంచరాదన్నది నేటి శిశువైద్యుల సలహా. మాటలు నేర్చి చీకటికి జడిసే వయసు పిల్లలకే ఇది తగినది. కుట్టేటప్పుడు ఆ బిడ్డనే దగ్గర కూర్చోబెట్టుకొని దారం రంగు ఎంచుకోమంటే ఇంకా మేలు.

ఈ కళను చరిత్రకు ఎక్కించినవారిలో గురుసదయ్ దత్ పేరు ముందుగా చెప్పాలి. 1882లో సిల్హెట్ ప్రాంతంలో జన్మించిన ఈ ఐ.సి.ఎస్. అధికారి, జిల్లాలలో పనిచేస్తూనే గ్రామీణ స్త్రీలు కుట్టిన కాంథాలను సేకరించాడు. ఆయన 1941లో మరణించాడు. ఆ సేకరణ కోల్‌కతా సమీపంలోని జోకాలో ఆయన పేరిట వెలసిన మ్యూజియంకు చేరింది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో సుజని పునరుద్ధరణకు కృషి చేసిన నిర్మలాదేవికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. ఇవి సంతోషించదగిన విషయాలు.

కాని మ్యూజియంలకు చేరినవి ప్రధానంగా బొమ్మలల్లిన, చిత్రవిచిత్రమైన కాంథాలు. పసివారి పక్కలో పరచినవి తడిసి, ఉతికి, చినిగి, చివరకు మసిగుడ్డలై అంతరించాయి. తమ పని పూర్తిగా నెరవేర్చడమే వాటి అదృశ్యానికి కారణం. చరిత్రకారునికి ఇది ఒక విపరీత స్థితి. బిడ్డను భయపెట్టిన బర్గీ పేరు పాటలో భద్రంగా ఉన్నది. బిడ్డకు ధైర్యమిచ్చిన బొంతను కుట్టిన అవ్వ పేరు ఎక్కడా లేదు. సింథటిక్ చీరలు, అంగడి దుప్పట్లు వచ్చిన తరువాత బొంత కుట్టే చేతులూ తగ్గుతున్నాయి.

దీనిని సరిదిద్దడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా అంగన్‌వాడీ కేంద్రాలు పల్లెపల్లెకూ చేరాయి. 2023లో ప్రారంభమైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం స్థానిక వస్తువులతో ఆటబొమ్మలు చేయడాన్ని ప్రోత్సహిస్తున్నది. గ్రామంలోని వృద్ధ స్త్రీలను ఆ కేంద్రాలకు పిలిచి, తల్లుల చేత గుడ్డబొమ్మలు, చిన్న బొంతలు కుట్టించవచ్చు. జిల్లా మ్యూజియంలు అలంకారం లేని సాధారణ బొంతలను కూడా సేకరించి, అది ఎవరి చీర, కుట్టినది ఎవరు, ఏ ఊరు అన్న మూడు వివరాలను నమోదు చేయవచ్చు. పేరు చెప్పి బెదిరించవద్దని వైద్యుడు చెప్పిన మాట గ్రంథంలో నిలిచింది. బెదిరించకుండా నిద్రపుచ్చే విద్య మాత్రం స్త్రీల చేతులలోనే నిలిచింది. వారిలో ఇంకా మన మధ్య ఉన్నవారిని అడిగి రాసుకోవలసిన పని ఇప్పుడు మనది.