చీకటి రాత్రుల పఠనము

భరతముని రసములను లెక్కించునపుడు భయానకమునకొక స్థానమిచ్చెను. కాని తరువాతి ఆలంకారికులు శృంగారమునకు ప్రకరణములకు ప్రకరణములు కేటాయించి, భయానకమును ఒకటి రెండు ఉదాహరణములతో దాటవేసిరి. ఆ ఉదాహరణములలో ప్రసిద్ధమైనది శాకుంతలములోని లేడి. మెడ వెనుకకు త్రిప్పి రథమును చూచుచు పరుగెత్తు ఆ లేడి అందము మన మనస్సున నిలుచును గాని, దాని భయము మనకు అంటదు. దయ్యపు కథ యనగానే పిల్లల కాలక్షేపమనియో, వారపత్రికల సరకనియో తీసివేయు అలవాటు నేటి విమర్శలోను పోలేదు.

ఇతర భాషలవారు ఈ కథలకొక ఋతువునే ఏర్పరచుకొనిరి. ఇంగ్లీషువారికది క్రిస్మసు. డికెన్సు 1843లో ప్రకటించిన 'ఎ క్రిస్మస్ కేరల్' ఆ ఆచారమునుండి పుట్టినదే. కేంబ్రిడ్జిలో ఎం. ఆర్. జేమ్సు పండుగ రాత్రులలో మిత్రులకు చదివి వినిపించిన కథలు 1904లో గ్రంథరూపము దాల్చినవి. వంగదేశమున కాళీపూజకు ముందటి రాత్రి భూతచతుర్దశి. ఆనాడు ఇంటింట పదునాలుగు దీపములు పెట్టుదురు. మనకు మహాలయపక్షము మొదలు దీపావళి అమావాస్య వరకు గల నెలన్నర అట్టి కాలమని నేననుకొందును. పితృదేవతలు వచ్చిపోవు కాలమది. ప్రొద్దు త్వరగా క్రుంకును. ఆ రాత్రులలో చదువదగినది తెలుగువానికేమున్నది?

మొదట గుణాఢ్యుని కథనే చదువవలెను. శాతవాహన ప్రభువునకు సంస్కృతము నేర్పు విషయమున శర్వవర్మతో పందెము వేసి, ఓడి, గుణాఢ్యుడు సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడిచెను. వింధ్యాటవిలో పిశాచముల భాష నేర్చి, కాణభూతియను పిశాచము చెప్పగా విని, ఏడు లక్షల గ్రంథమును తన నెత్తుటితో వ్రాసెను. రాజు దానిని తిరస్కరింపగా, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించుచు అగ్నికి ఆహుతి చేసెను. మిగిలినది లక్ష మాత్రమే. పైశాచియనునది నిజముగా ఏ భాషయో పండితులు తేల్చుకొందురు గాక. కథకు మూలపురుషుడు పిశాచమని చెప్పుకొనుటకు జంకని సంప్రదాయము మనదని గ్రహించిన చాలును. సభలో చెప్పరాని కథ అడవిలో పుట్టినది. పశువులు మేత మాని విన్నవి.

ఆ బృహత్కథ నశించినను పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరమున దాని ఛాయ నిలిచినది. బేతాళ పంచవింశతి అందులోని భాగము. సోమదేవుని రాజు త్రివిక్రమసేనుడు. అతని నగరము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. మన నది గట్టుననే ఆ శ్మశానమున్నదన్నమాట. క్షాంతిశీలుడను భిక్షువు ప్రతిదినమును ఒక పండు తెచ్చి రాజునకిచ్చును. ఒకనాడు కోతి ఆ పండును కొరుకగా లోపల రత్నము బయటపడును. దానికి బదులుగా భిక్షువు కోరినది ఒక్కటియే: కృష్ణచతుర్దశి రాత్రి శింశుపావృక్షమున వ్రేలాడు శవమును మోసి తెమ్మని. శవములోనుండి బేతాళుడు కథ చెప్పి ప్రశ్నించును; రాజు బదులు పలుకగానే తిరిగి చెట్టెక్కును. కడపటి ప్రశ్నకు రాజునకు సమాధానము తోచక మౌనము వహించును. అప్పుడు బేతాళుడు తృప్తుడై, నిజమైన శత్రువు భిక్షువేయని హెచ్చరించును. భుజముమీది శవము హితము చెప్పినది. ఎదుట కూర్చున్న సాధువు మెడ కోయుటకు కాచుకొని యుండెను. ఈ తారుమారే ఆ కథకు ప్రాణమని నా తలంపు.

1947 జూలైలో పుట్టిన చందమామ ఈ చట్రమును ఇంటింటికి చేర్చెను. 1952 నుండి 1980 వరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు పరమ హేతువాది. అట్టివారి చేతిమీదుగా బేతాళుడు లక్షలాది పిల్లల నిద్ర చెడగొట్టుట ఒక చమత్కారమే. ప్రాచీన కథలైపోయిన తరువాత క్రొత్త కథలు వ్రాయించి ఆ చట్రములోనే బిగించిరి. కత్తి దూసి శవమును మోయుచు నడచు రాజును శంకర్ వేసిన బొమ్మ కథకన్న గట్టిది. శంకర్ 2020లో కన్నుమూసినను ఆ బొమ్మ చెరగలేదు. అయితే నెలనెలా సాగవలసిన శీర్షికలో రాజు ఏనాటికిని మౌనము వహింపరాదు గదా! అందుచేత బేతాళకథ చిక్కుప్రశ్నగా మిగిలి, భిక్షువు మరుగున పడెను. చందమామ చదివి పెరిగినవారు ఇప్పుడైనను సోమదేవుని తెరచి ఆ చివరి కథ చదువవలెను.

ఇంతకన్న భయంకరమైన రాత్రి తెలుగులో ఒక్కటే యున్నది. అది తిక్కన సౌప్తికపర్వము. ఓడిన అశ్వత్థామ చెట్టుక్రింద నిద్ర రాక కన్నులు తెరచి యుండగా, కొమ్మలమీద నిద్రించు కాకులను ఒక గుడ్లగూబ చప్పుడు లేక వచ్చి చంపును. ఆ పక్షి అతనికి గురువైనది. నిద్రించువారిని చంపరాదని కృపుడు చెప్పిన మాట చెవికెక్కలేదు. శిబిరమున ధృష్టద్యుమ్నుడు శస్త్రముతో చంపుమని వేడుకొనగా, అశ్వత్థామ ఆ గౌరవము కూడ దక్కనీయక కాలితో త్రొక్కి చంపును. లేచినవారికి ఎవరు తమవారో తెలియదు. వాకిటికి పరుగెత్తినవారు కృపకృతవర్మల చేత చిక్కుదురు. యుద్ధము మొదలైన నాటినుండి యోధులు రాత్రులు కలలో చూచుచున్న కాళరాత్రి ఆనాడు కన్నులయెదుట నిలిచెనని వ్యాసుడు చెప్పును. పిశాచములు వచ్చునది అంతయు ముగిసిన తరువాత, మాంసమునకు మాత్రమే. చంపినవాడు మనుష్యుడు, బ్రాహ్మణుడు, గురుపుత్రుడు. శిల్పము తెలిసిన భయానక రచయిత ఎవడైనను ఈ క్రమమును పరిశీలింపవలెను.

రంగస్థలమున మన భయము కాటిసీనులో నిలిచినది. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి హరిశ్చంద్ర నాటకమున నటులు జాషువా శ్మశానవాటి పద్యములను చేర్చి పాడిరి, డి. వి. సుబ్బారావుగారి కంఠమున వానిని విననివారు తెలుగునాట అరుదు. కాటిని చూచి వెరచుటకు కూర్చున్న ప్రేక్షకుడు, అస్పృశ్యతకు తావులేని చోటు ఊరిలో అదొక్కటేయని విని లేచెను. గురజాడవారిది వేరొక దారి. కన్యాశుల్కమున పూజారి గవరయ్య దెయ్యమును సీసాలో బంధించితినని నమ్మించు ఘట్టమున భయము నవ్వులో కరగిపోవును. మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీ కథలలోని మాంత్రికులను గూర్చి విస్తరింపను. అందలి ఒక కథనుండి 1951లో పాతాళభైరవి చిత్రము వచ్చినదన్న, ఎస్. వి. రంగారావు నేపాళ మాంత్రికుడు ఎల్లరకును జ్ఞప్తికి వచ్చును.

ఆధునిక నవలలో చర్చింపక తప్పనిది తులసిదళము. యండమూరి వీరేంద్రనాథ్ దీనిని 1980 దశకారంభమున ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వ్రాసిరి. దానిని, దాని వెంట వచ్చినవానిని విమర్శకులు క్షుద్రసాహిత్యమని పిలిచిరి. నాకా పేరు రుచింపదు, ఆ పుస్తకమును పూర్తిగా రుచింపదు. పసిపిల్ల శరీరముపై ప్రయోగము జరుగుచుండగా, వైద్యుని మాటను మాంత్రికుని మాటను ఒకే తక్కెడలో ఉంచి పాఠకుని ఊపిరి బిగబట్టించుట సామాన్యపు నేర్పు కాదు. కాని ఆ తక్కెడ కథ ముగిసిన తరువాత పాఠకుని ఊరిలో ఏమి చేయుననునది వేరు ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి వచ్చినది కాదు. నేను నివసించు వైశాలి నగర్ భిలాయి ఉక్కునగరములోనిది. ఇచటి తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కొలిముల పనికి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములు తమ దయ్యములను కూడ వెంట తెచ్చుకొన్నవి: కొరివిదెయ్యము, గాలి సోకుట, చిల్లంగి. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో వానికి చుట్టము టోనహీ. శ్రావణమాసపు అమావాస్యనాడు హరేలీ పండుగ. పిల్లలు గేడీలను పొడవైన వెదురు కాళ్ళపై నడచుదురు, ఇంటి గుమ్మములకు వేపరెమ్మలు కట్టుదురు. ఆ రాత్రి టోనహీలు తిరుగుదురని పెద్దలు కథలు చెప్పుదురు. వినుటకు ఎంతో రమ్యమైన కథలు. కాని టోనహీయనగా ఊరిలోనే యుండు ఒక స్త్రీ. తరచుగా విధవ, లేదా దిక్కులేనిది. ఒక బిడ్డకు జ్వరము వచ్చినచో ఆమె ఇంటిమీదికి పోవుదురు. అందుకే 2005లో ఈ రాష్ట్రమున టోనహీ పేరిట జరుగు హింసను నివారించుటకు ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చెను; ఒకరిని టోనహీయని వ్రేలెత్తి చూపుట కూడ నేరమైనది. తెలంగాణమున బాణామతి, ఉత్తరాంధ్రమున చిల్లంగి అను మాటల వెనుక నున్నదియు ఇదియే.

అందుచేత ఈ కాలమున చదువవలసిన వానిలో మహాశ్వేతాదేవి 'బాయెన్' కథను కూడ చేర్చుచున్నాను. చనిపోయిన పసిబిడ్డలను పాతిపెట్టుట వంశవృత్తిగా గల డోము స్త్రీ చండీదాసి. తానును తల్లియైన తరువాత ఆ పనికి చేతులు రావు. ఊరు ఆమెను బాయెన్ అని వెలివేసి రైలుకట్ట ప్రక్క పాకలో ఉంచును. ఆమె వచ్చుచున్నదని తెలియుటకు డబ్బా మ్రోగింపవలెను. కన్నకొడుకు ముఖమునైనను చూడరాదు. ఒక రాత్రి దొంగలు పట్టాలపై వెదుళ్ళు పేర్చుట చూచి, రైలును ఆపుటకు ఎదురు నిలిచి ఆమె మరణించును. మొదట మనకు ఆమెను చూచి కలిగిన జడుపు చివరకు ఊరిమీదికి మరలును.

దీనిని తెలుగు చేయువారికి చిక్కు పేరులోనే యున్నది. చిల్లంగి ప్రయోగము పేరు గాని మనిషి పేరు కాదు. 'మంత్రగత్తె' యన్నచో ఆమెకు విద్య గలదని ఊరితోపాటు మనమును ఒప్పుకొన్నట్లగును. దయ్యమనుటకు ఆమె చచ్చినది కాదు. బాయెన్ అనియే ఉంచుట మేలు.