అడయారు రహస్య శాఖ, మదనపల్లె కుర్రవాడు

దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్క్‌లో పుట్టి, 1882లో మద్రాసు అడయారుకు చేరింది. తొలినాళ్లలోనే కాకినాడకు చెందిన తల్లాప్రగడ సుబ్బారావు అందులో పెద్ద పండితుడనిపించుకున్నారు. 1888లో సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ దానికి అంతరంగ శాఖ ఒకటి పెట్టారు. అందులో చేరేవారు గోప్యత పాటిస్తామని ప్రమాణం చేయాలి. హిమాలయాల ఆవల ఉన్న మహాత్ములు శిష్యులను మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్తారని అక్కడి నమ్మకం.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తండ్రి నారాయణయ్య, రెవెన్యూ శాఖలో పదవీ విరమణ చేశాక, 1909లో ఈ అంతరంగ శాఖ పనికే అడయారు వచ్చారు. అదే ఏడాది సముద్రపుటొడ్డున ఆ కుర్రవాణ్ణి చూసిన సమాజ నాయకుడు లెడ్‌బీటర్, రాబోయే జగద్గురువుకు వాహకుడు ఇతడేనన్నాడు. 1910 జనవరిలో తలుపులు మూసిన గదిలో అతడికి దీక్ష జరిగింది. ఆ జగద్గురువు రాక కోసం మరుసటి ఏడు పుట్టిన తూర్పు నక్షత్ర సంఘం సభ్యులు వెండి నక్షత్రం ధరించేవారు. తన సంరక్షణలో ఉంచుకున్న కొడుకులను తిరిగి ఇవ్వాలంటూ సమాజ అధ్యక్షురాలు అనీ బిసెంట్‌పై నారాయణయ్య దావా వేయడంతో గుట్టుగా సాగిన సంగతులు పత్రికలకెక్కాయి. రహస్య సంఘాలకు కోర్టు మెట్లు అచ్చిరావు మరి! మద్రాసులో ఆయన గెలిచినా, 1914లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు బిసెంట్‌కు అనుకూలంగా వచ్చింది.

1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఓమెన్‌లో, వేలాది సభ్యుల ఎదుటే, కృష్ణమూర్తి ఆ నక్షత్ర సంఘాన్ని రద్దు చేసి, విరాళంగా వచ్చిన ఆస్తులను తిరిగి ఇచ్చేశారు. అంతరంగ శాఖ మాత్రం కొనసాగింది.