సరిహద్దున నాలుగు తుపాకులు

విస్సన్నపేట నుంచి తిరువూరు మీదుగా ఉత్తరానికి పోతే ఇప్పుడు తెలంగాణ వస్తుంది. 1948 దాకా అది నైజాం ఇలాకా. ఇటు మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా, అటు మధిర, ఖమ్మం. చుట్టరికాలకు ఆ గీత ఎన్నడూ అడ్డం కాలేదు. పైగా గీత కూడా తిన్నగా లేదు. కృష్ణా జిల్లా నడుమనున్న పరిటాల నైజాంది. వజ్రాల గనుల మీద ఆశతో నిజాం దాన్ని వదులుకోలేదని చెబుతారు. నల్లగొండ నడుమనున్న మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లాది. ఇంత చిక్కుపడ్డ సరిహద్దు మీద 1946 నుంచి 1951 దాకా జనం నాలుగు రకాల తుపాకులను చూశారు.

మొదటిది రజాకారు చేతిలోది. కాశిం రజ్వీ పోగుచేసిన ఈ బలగం నిజాం సంస్థానం స్వతంత్రంగా నిలవాలని ఊళ్ల మీద పడింది. జీతానికి చేరిన సైనికుడిని తప్పు చేస్తే విచారించే పైఅధికారి ఒకడుంటాడు. రజాకారుకు ఆ భయం లేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత తెలిసిందే. ఆ ఏడాది సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు కాందిశీకులు కుటుంబాలతో సహా వచ్చారు. సంస్థాన కాంగ్రెస్ వాళ్లు, కమ్యూనిస్టులు ఎవరికి వారు ఇటువైపు స్థావరాలు పెట్టుకున్నారు.

రెండోది కమ్యూనిస్టు దళం తుపాకీ. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక కర్రలు, ఒడిసెలలు పట్టిన రైతుల సంగం క్రమంగా సాయుధ దళంగా మారింది. దళ సభ్యుడు రైతుకూలీ బిడ్డే కాబట్టి ఊరు అన్నం పెట్టింది, దాచింది. అదే ఊరు శత్రువుకు సమాచారం ఇచ్చాడని అనుమానం వచ్చినవాడికి పడిన శిక్షనూ చూసింది. ఈ రెండో సంగతి మన పోరాట సాహిత్యంలో తక్కువగా కనిపిస్తుంది.

మూడోదాని గురించి కృష్ణా జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మలబారు పోలీసులు. మాపిళ్ల తిరుగుబాటును అణచడానికి 1921లో మలప్పురం కేంద్రంగా పుట్టిన దళమిది. పేరుకు పోలీసు, తర్ఫీదు సైన్యానిది. తెలుగు రాని ఈ బలగాన్ని మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల వేట కోసం డెల్టా ఊళ్లలో దించింది. ఇక్కడ యుద్ధం లేదు, పొలాలూ పాలేర్లూ ఉన్నారు. తిరుగుబాటును చూడడం మాత్రమే నేర్చినవాడికి ఊరంతా తిరుగుబాటుగానే కనిపిస్తుంది. 1949 జులైలో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మగవాళ్లను బట్టలూడదీయించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. స్వతంత్రం వచ్చి రెండేళ్లన్నా నిండలేదు. ఆ పనికి ఏ విగ్రహం దొరికిందో చూడండి! కమ్యూనిస్టులంటే గిట్టనివాళ్లు కూడా ఈ వార్తకు తలదించుకున్నారు. నా మట్టుకు నాకు, ఇందులో నేరం మలబారు నుంచి వచ్చిన కుర్రవాడిది సగమే. భాష తెలియని ఊళ్లోకి అతణ్ణి పంపి, ఏం చేశావని అడగని వాళ్లది తక్కిన సగం.

నాలుగోది యూనియన్ సైన్యం. 1948 సెప్టెంబరు 13న దాని ప్రధాన దళాలు పడమటి నుంచి, షోలాపూరు వైపుగా జె.ఎన్. చౌధురి నాయకత్వాన కదిలాయి. తూర్పున బెజవాడ నుంచి బయల్దేరిన దళాలకు ఎ.ఎ. రుద్ర నాయకుడు. తూర్పు దళాలు తొలిరోజునే కోదాడ దాటి మునగాల చేరాయి. అంటే నైజాం నడుమ ఉన్న మన జిల్లా ముక్కకే ముందు చేరాయన్నమాట. సూర్యాపేట దగ్గర నిజాం సేనలు వెనక్కి తగ్గుతూ మూసీ వంతెనను పేల్చేశాయి. అయిదో రోజున నిజాం చేతులెత్తేశాడు. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. జనం దండలతో ఎదురొచ్చారు. రజాకార్లు ఊళ్ల నుంచి మాయమయ్యారు.

అయితే గెలిచిన సైన్యం వెంటనే ఇంటికి పోలేదు. చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. 1949 ఆగస్టులో ఆయన ప్రభుత్వమే జాగీర్లను రద్దు చేసింది. గడీలతో తలపడ్డ రైతులు ఏళ్ల తరబడి అడిగిన పనుల్లో ఒకటి అలా తుపాకీ పాలనలో జరిగింది. అదే పాలనలో, దళాలకు భయపడి పారిపోయిన దొరలు పోలీసు కాపలాతో ఊళ్లకు తిరిగొచ్చి, పంచిన భూములను లాక్కున్నారు. గోదావరి వైపు అడవుల్లో కోయగూడేలను తగలబెట్టి జనాన్ని క్యాంపుల్లోకి తోలారు. దళాలకు అన్నం అందకుండా చేయడమే ఆ పథకం. 1951 అక్టోబరులో పోరాట విరమణ నాటికి నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. ఓడిన సైనికుడి గతి ఇంకో కథ. నిజాం సేనలోని అరబ్బుల్లో హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాళ్లూ ఉన్నారు, వాళ్లనూ విదేశీయులుగా లెక్కగట్టి నిర్బంధించారు.

1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నిలబడ్డ కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయిదో రోజున యుద్ధం గెలిచిన సైన్యం మూడేళ్ల కాపలాలో ఏం సంపాదించిందో ఆ పెట్టెలు చెప్పాయి.

ఇక మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో జరిగింది తెలుగు వాళ్లు తక్కువగా మాట్లాడుకునే సంగతి. సైన్యం వచ్చాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద హత్యాకాండ సాగింది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం 9 జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని తేల్చింది. కొన్ని చోట్ల సైనికులు లూటీలకు ఉసిగొల్పారని, కొన్ని చోట్ల తామే పాల్గొన్నారని రాసింది. చాలా చోట్ల ముస్లింలను కాపాడింది కూడా సైనికులేనని అదే నివేదికలో రాసింది. ఒకే సైన్యం, ఒకే నెల. తేడా అక్కడున్న అధికారిది.

ఆ నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. జనానికి అది అందుబాటులోకి వచ్చింది 2013లో, ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ గ్రంథాలయంలో.