భూ అయస్కాంత తుపానులు: హైదరాబాద్ ప్రసార వ్యవస్థలు

సూర్యుడి నుంచి ఎగసిపడే విద్యుదావేశ కణాల మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని తాకినప్పుడు రేగే అలజడిని భూ అయస్కాంత తుపాను అంటారు. ఈ అలజడి ఉపగ్రహ సంకేతాలనూ చెదరగొట్టగలదు. టీవీ చానెళ్లు, స్టూడియోలు దగ్గరదగ్గరగా ఉన్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం ఉపగ్రహాలపై ఆధారపడినంతగా నగరంలో మరే పేట ఆధారపడదేమో.

భారతదేశంలో నమోదైన తుపానుల్లో 1859 సెప్టెంబరు నాటిదే అతి తీవ్రమైనదని సాధారణ అభిప్రాయం. బొంబాయి కొలాబా వేధశాలలో క్షేత్రబలం దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయింది. దీన్ని బట్టి ప్రపంచ స్థాయి తీవ్రతను కొందరు 1760 నానోటెస్లాలుగా లెక్కగట్టగా, గంట సగటు తీసుకున్నవారు 850 దగ్గర ఆగారు. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్‌ను చీకట్లో ముంచిన తుపాను (589) కూడా గంట లెక్కలోనే ఉంది కనుక, పోల్చడానికి రెండో అంచనాయే నయం.

క్విబెక్‌లో దెబ్బ తిన్నది విద్యుత్ సరఫరా వ్యవస్థ. హైదరాబాద్‌కు చిక్కు పైనుంచి, వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే పై పొరైన అయనోవరణం నుంచి వస్తుంది. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ తమిళనాడు దాపున పోతుంది. దానికి ఉత్తరాన, ఎలక్ట్రాన్లు దట్టంగా పేరుకునే పట్టీకి దారిలో హైదరాబాద్ ఉంది. సూర్యాస్తమయం తర్వాత ఆ పొరలో బుడగలు లేచి జీపీఎస్ సంకేతాలను మిణుకుమిణుకుమనిపిస్తాయి. తుపాను ఈ బుడగలను కొన్నిసార్లు పెంచుతుంది, కొన్నిసార్లు అణచివేస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ ప్రభావం తగ్గుతుంది. అందుకే డీటీహెచ్ వాడే అధిక పౌనఃపున్యపు కేయూ బ్యాండ్‌కు తుపాను కన్నా వానే పెద్ద శత్రువు. థియేటర్లకు ఉపగ్రహం ద్వారా పంపే సినిమా ముందే సర్వర్‌లోకి చేరుతుంది కాబట్టి కొద్దిసేపు సంకేతం పోయినా ఆట ఆగదు. ప్రత్యక్ష ప్రసారానికి ఆ వెసులుబాటు లేదు.

మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులపాటు పగటిపూట టీవీ బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, కొద్ది నిమిషాల్లో కుదురుకుంటుంది. ఇది సన్ ఔటేజ్. ఉపగ్రహం వెనకకు సూర్యుడు వచ్చి, డిష్ నేరుగా అతనివైపే చూడటం వల్ల కలిగేది. దీన్ని తుపానుగా పొరబడకూడదు.

2024 మే 10, 11 తేదీల తుపాను గత రెండు దశాబ్దాల్లో అతి పెద్దది. దాని వల్ల లడఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబారింది. భూస్థిర కక్ష్యలోని తన ఉపగ్రహాలకు పెద్ద ఇబ్బంది కలగలేదని ఇస్రో ప్రకటించింది. ప్రధాన తాకిడి తెల్లవారుజామున, అయనోవరణం ఇంకా పూర్తిగా ఏర్పడని వేళ రావడం భారత్‌కు కలిసొచ్చిందని వివరించింది. సాయంత్రం వచ్చే తుపానుకు ఈ వివరణ వర్తించదు.

హైదరాబాద్‌లో అయస్కాంత క్షేత్రాన్ని ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1960ల నుంచి కొలుస్తోంది. నగరం పెరిగి విద్యుత్ రొద కొలతల్లో చొరబడటంతో, విజయవాడ రహదారి మీది చౌటుప్పల్‌లోనూ వేధశాల నెలకొల్పింది.