పందెపు బరి నుండి ఫ్రీ త్రో గీత వరకు

పల్నాటి యుద్ధానికి కోడిపందెం కారణమైనదన్న కథ తెలియని తెలుగువారు అరుదు. 12వ శతాబ్దం చివర గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు పాలించేవారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు పుంజులను బరిలోకి దింపారని, ఓడిన మాచర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లవలసి వచ్చినదని వీరగాథ చెబుతుంది. కథ చివరికి కారెంపూడి రణరంగంలో ముగుస్తుంది.

ఒక రాజ్యమే పుంజు కాళ్ల మీద ఆధారపడినప్పుడు పందెగాడి మనస్సు ఎట్లా ఉంటుందో ఊహించవచ్చును. పుంజును ఎంత మేపినా, ఎంత తరిఫీదు ఇచ్చినా, బరిలో వదలిన తరువాత యజమాని చేయగలిగినది ఏమీ లేదు. ఆ ఖాళీని నింపడానికే కాబోలు మన ప్రాంతంలో కుక్కుట శాస్త్రం పుట్టినది. ఏ వారం, ఏ నక్షత్రంలో డేగ గెలుస్తుంది, ఎప్పుడు కాకి గెలుస్తుంది, ఏ దిక్కు నుండి పుంజును వదలాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. పేరులో శాస్త్రం ఉన్నది గాని, పరీక్షించి చూచిన జాడ లేదు.

ఇది పల్నాటికే పరిమితమైన వింత కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవులలో నివసించిన మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒక సంగతి గమనించారు. ఆ దీవులవారు ప్రశాంతమైన ఉప్పుకయ్యలో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాల జోలికి పోరు. ప్రమాదం, అనిశ్చితి ఉన్న నడిసముద్రానికి పోయేటప్పుడు మాత్రం తంతులు జరుపుతారు.

1948లో అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆకలిగొన్న ఎనిమిది పావురాలను విడివిడిగా పెట్టెలలో ఉంచి, అవి ఏమి చేసినా చేయకపోయినా నిర్ణీత వ్యవధికి ఒకసారి మేత అందేటట్లు ఏర్పాటు చేశారు. కొంతకాలానికి ఆరు పావురాలకు వింత అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది. మరొకటి పెట్టె పైమూలకు తల పొడిచేది. మేత వచ్చిన క్షణాన తాము చేస్తున్న పనే మేతను తెచ్చినదని వాటికి తోచినట్లున్నదని స్కిన్నర్ అన్నారు. ఈ వ్యాఖ్యానాన్ని 1971లో మరి ఇద్దరు ప్రశ్నించారు. అయినా పందెగాడి పుంజుకు కాక పందెగాడికే ఈ పావురాలు దగ్గరి బంధువులని అనిపించక మానదు.

ఇక బాస్కెట్‌బాల్ సంగతి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించారు. మన వైపు ఇది వై.ఎం.సి.ఎ. ద్వారా వచ్చినది, 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో నెలకొల్పిన వ్యాయామ విద్యాలయం దక్షిణాది బడులకు డ్రిల్లు మాస్టర్లను తయారు చేసినది. నైస్మిత్ వ్రాసిన 13 నియమాలలో ఫ్రీ త్రో లేదు. అది 1894లో వచ్చినది. మొదట జట్టులో చేయి తిరిగిన ఒకడే తోటివారందరి త్రోలూ వేసేవాడు. 1924 నుండి ఎవరిపై ఫౌల్ జరిగినదో అతడే వేయాలన్నారు. దానితో ప్రతి ఆటగాడూ ఆ గీత వద్ద ఒంటరిగా నిలబడవలసి వచ్చినది.

అక్కడ అడ్డుపడేవాడు లేడు. బోర్డు 15 అడుగుల దూరాన, వలయం 10 అడుగుల ఎత్తున, ఎన్నడూ మారకుండా ఉంటాయి. కోడిపందెం వలె కాక, ఇక్కడ సమస్తమూ వేసేవాని చేతిలోనే ఉన్నది. అయినా తంతులకు కొదువ లేదు. జెఫ్ హార్నసెక్ బంతి వేసే ముందు తన ముగ్గురు పిల్లలను తలచుకొని చెంప మూడుసార్లు రుద్దుకునేవాడు. స్టీవ్ నాష్ బంతి అందుకోకముందే ఉత్త చేతులతో గాలిలో త్రో వేసి చూసుకునేవాడు. మన పిల్లలు చెడుగుడులో కూతకు వెళ్లేముందు గీతను తాకి కళ్లకు అద్దుకోవడం ఇటువంటిదే.

ఇవన్నీ పావురాల చేష్టలేనా? కాదనే చెప్పాలి. 2008లో లాన్స్‌డేల్, టామ్ అనే పరిశోధకులు ప్రముఖ ఆటగాళ్ల త్రోలను పరిశీలించారు. తమ అలవాటైన వరుస తప్పకుండా వేసినప్పుడు నూటికి సుమారు 84, వరుస తప్పినప్పుడు సుమారు 71 పడినాయి. మనస్సు చెదరినందువల్లనే వరుస తప్పి ఉండవచ్చును గదా అని చురుకైన విద్యార్థి అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని 1996లో జోన్ వికర్స్ చేసిన పరిశోధన మరొక దారి చూపినది. నిపుణులు బంతి వదలే ముందు చూపును వలయంపై దాదాపు ఒక సెకను నిలుపుతారు; అంత నేర్పు లేనివారు అందులో మూడోవంతు కాలమే నిలుపుతారు. బంతిని నేలపై కొట్టడం, ఊపిరి తీయడం ఆ నిలకడకు చోటు కల్పిస్తాయి. గెలుపును నక్షత్రం నుండి ఆశించడం వేరు, తన కంటిని, చేతిని ఒక దారికి తెచ్చుకోవడం వేరు.

ఆ దారి ఎంత ఇరుకైనదో రేఖాగణితమే చెబుతుంది. వలయం వ్యాసం 18 అంగుళాలు, బంతి వ్యాసం సుమారు 9.4 అంగుళాలు. బంతి క్షితిజ సమాంతరానికి 45 డిగ్రీల వాలులో దిగితే దానికి కనిపించే ద్వారం 18 ను సైన్ 45 తో గుణించినంత, అంటే 12.7 అంగుళాలు మాత్రమే. వాలు 32 డిగ్రీలకు తగ్గితే ద్వారం బంతి అంతే అవుతుంది. అంతకన్నా తక్కువైతే అంచు తాకకుండా దూరదు. బల్లపరుపుగా విసిరే పిల్లవానికి ఈ లెక్క నల్లబల్లపై వేసి చూపితే చాలు.

చేతులు రెండూ క్రిందికి దించి, మోకాళ్ల మధ్య నుండి మెల్లగా పైకి ఎత్తి వేసే పాత పద్ధతి ఒకటి ఉన్నది. రిక్ బారీ ఆ విధంగా వేసి నూటికి 90 వరకు సాధించాడు. ఏడడుగుల విల్ట్ చాంబర్లేన్ కూడా 1961-62లో దానిని అవలంబించి నూటికి 61 తెచ్చుకున్నాడు. 1962 మార్చి 2న 100 పాయింట్లు చేసిన ఆటలో 32 త్రోలకు 28 వేశాడు. కాని చూచేవారు ఆడంగి పద్ధతి అంటారని సిగ్గుపడి దానిని వదిలేసినట్లు, అది పొరపాటేనని తెలిసి కూడా మళ్లీ పట్టలేకపోయినట్లు, తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. 1967-68 నాటికి అతనికి నూటికి 38 మాత్రమే పడుతున్నాయి.